హెచ్‌ఓ బాక్స్‌కార్ మీద లోహపు చిన్న భాగాలు దిమ్మల్లా కనిపించకుండా ఏం చేయాలి?

మీ ప్రశ్నలో నాలుగు ఫిర్యాదులున్నాయి. అమెరికన్ 40 అడుగుల స్టీల్ బాక్స్‌కార్ (మూసి ఉండే సరుకు రైలు పెట్టె) హెచ్‌ఓ మోడల్ (అసలు బండిలో 87వ వంతు) ప్లాస్టిక్ కిట్‌కి పోత గ్రాబ్ ఐరన్లు (సిబ్బంది ఎక్కేటప్పుడు పట్టుకునే కమ్మీలు) చెక్కేసి ఇత్తడి తీగవి పెట్టారు. సిల్ స్టెప్పులు (గోడ కింది అంచున కాలు పెట్టే మెట్లు) లోహపు పోతవి వేశారు, కప్పు మీద ఎచ్చింగ్ చేసిన (ఆమ్లంతో కొరికించి ఆకారం తెచ్చిన రేకు) ఇత్తడి రన్నింగ్ బోర్డు (సిబ్బంది నడిచే పలక), అడుగున వైట్‌మెటల్ (మెత్తటి పోత లోహం) బ్రేక్ భాగాలు. ఇంత చేసినా కమ్మీలు లావుగా మొరటుగా ఉన్నాయి, చెయ్యి తగిలిన చోటల్లా రంగు లేచి ఇత్తడి మెరుస్తోంది, జిగురు చుట్టూ తెల్లటి బూడిద పట్టింది, రన్నింగ్ బోర్డు కొన్నాళ్ళకే అలల్లా పైకి లేచింది.

నాలుగింటికీ మూలం దాదాపు ఒకటే. భాగాన్ని ప్యాకెట్లోంచి తీసి, బండికి అతికించి, ఆ తర్వాత మొత్తానికి కలిపి రంగు కొట్టారు. ప్లాస్టిక్ భాగాలకైతే ఆ వరస సరిపోతుంది. లోహానికి సరిపోదు. నిటారు చేయడం, పలచన చేయడం, జిడ్డు తీయడం, ప్రైమర్ వేయడం, ఇవన్నీ భాగం ఇంకా చేతిలో ఉండగానే అయిపోవాలి. బండి మీదకి వెళ్ళాక దానికి మిగిలే పని ఒక్క ఆఖరి రంగు పొరే.

ముందు కొలతల సంగతి చూద్దాం, ఎందుకంటే ‘మొరటుగా ఉంది’ అన్న ఫిర్యాదుకి జవాబు అక్కడే ఉంది. అసలు బండి మీద ఈ కమ్మీలు ఎవరికి తోచినట్టు వాళ్ళు బిగించినవి కావు. 1893లో అమెరికాలో సేఫ్టీ అప్లయన్స్ చట్టం వచ్చింది, 1911లో ఇంటర్‌స్టేట్ కామర్స్ కమిషన్ (రైల్వేలని నియంత్రించిన ప్రభుత్వ సంస్థ) వాటి సంఖ్య, కొలత, చోటు కూడా నిర్ణయించింది. గ్రాబ్ ఐరన్ వ్యాసం కనీసం 5/8 అంగుళం. చెయ్యి పట్టే నిడివి కనీసం 16 అంగుళాలు. కమ్మీకీ గోడకీ మధ్య ఖాళీ కనీసం 2 అంగుళాలు, వీలైతే రెండున్నర. సిల్ స్టెప్పు పట్టీ అడ్డుకోత అర అంగుళం మందం, ఒకటిన్నర అంగుళం వెడల్పు, కాలు పెట్టే చోటు కనీసం 10 అంగుళాలు. నిచ్చెన మెట్ల మధ్య దూరం 19 అంగుళాలు దాటకూడదు. వీటిని 87తో భాగించి చూడండి. 5/8 అంగుళం కమ్మీ హెచ్‌ఓలో 0.18 మి.మీ. అవుతుంది, ముప్పావు అంగుళం కమ్మీ 0.22 మి.మీ. సిల్ స్టెప్పు మందం 0.15 మి.మీ. కూడా ఉండదు.

ఇప్పుడు మీరు వాడిన తీగని కాలిపర్‌తో కొలవండి. 0.38 మి.మీ. (0.015 అంగుళం) అయితే అది అసలు బండి మీద ఒకటిం పావు అంగుళం దాటిన గొట్టంతో సమానం. చట్టం అడిగిన కనీస కొలతకి రెట్టింపు. ఆపైన రంగు. పొర ఒక్కో వైపు 0.03 మి.మీ. పట్టినా వ్యాసం 0.06 పెరుగుతుంది. ఇక్కడ మీ చెయ్యి బాగోలేకపోవడం కాదు, తీగ ఎంపికే తప్పింది. 0.25 మి.మీ. (0.010 అంగుళం) ఫాస్ఫర్ బ్రాంజ్ తీగ తీసుకోండి. బండిని తరచూ చేతుల్తో ఎత్తి పెడుతుంటే 0.3 దాకా వెళ్ళండి. అంతకంటే లావు హెచ్‌ఓలో గ్రాబ్ ఐరన్లకి వద్దు.

ఇత్తడి కాకుండా ఫాస్ఫర్ బ్రాంజ్ ఎందుకంటే, దానికి స్ప్రింగ్ గుణం ఉంది. వేలు తగిలి వంగితే తిరిగి తన చోటికి వస్తుంది. అంత సన్నని ఇత్తడి తీగ వంగితే వంగినట్టే ఉండిపోతుంది. స్టీల్ తీగ గట్టిదే గానీ తుప్పు పడుతుంది, మీ మంచి కటింగ్ ప్లయర్ అంచుని కూడా తినేస్తుంది.

చుట్టగా వచ్చిన తీగని నిటారు చేయడానికి ఒక కొస వైస్‌లో బిగించి రెండో కొసని ప్లయర్‌తో పట్టుకుని నెమ్మదిగా లాగండి. ఒక క్షణం తీగ సాగినట్టు చేతికి తెలుస్తుంది. అక్కడ ఆపేయండి, నూలు పట్టినట్టు తిన్నగా వస్తుంది. చిన్న ముక్కలైతే రెండు గాజు పలకల మధ్య పెట్టి దొర్లిస్తే చాలు.

వంచడానికి జిగ్ (అన్నీ ఒకే కొలతలో వచ్చేలా చేసే అచ్చు) కొనొచ్చు, చేసుకోవచ్చు. చేసుకోవడమే నాకిష్టం. 18 అంగుళాల కమ్మీకి హెచ్‌ఓలో 5.25 మి.మీ. కావాలి. ఆ వెడల్పున్న ఇత్తడి పట్టీ ముక్క ఒకటి కోసి, అంచులు కొద్దిగా గుండ్రం చేసి, తీగని దాని మీదుగా రెండు వైపులా వంచితే అన్నీ ఒకే కొలతలో వస్తాయి. తీగ మందం లోపలికి వస్తుందా బయటికి వస్తుందా అన్నది మొదటి కమ్మీని కొలిచి తేల్చుకుని పట్టీని సరిచేయండి. ప్లయర్‌తో ఒక్కొక్కటీ కంటి అంచనాతో వంచితే మాత్రం ఎనిమిది కమ్మీల నిచ్చెనలో ఎనిమిది రకాలు కనిపిస్తాయి. కమ్మీ లావుగా ఉంటే చూసేవాళ్ళు క్షమిస్తారేమో గానీ, వరస వంకరగా ఉంటే ఎవరి కంటికైనా దొరికిపోతుంది.

చివరలు పెద్దగా పెట్టుకోకండి అనేవాళ్ళున్నారు, నేను ఒప్పుకోను. కాలు కనీసం 2 మి.మీ. ఉండి గోడ దాటి లోపలికి రావాలి. అప్పుడే జిగురు లోపలి వైపు నుంచి పెట్టగలం. మీ తెల్ల బూడిద సమస్యలో సగం ఇక్కడే పోతుంది.

రంధ్రాల విషయంలో డ్రిల్ సైజు చాలామందిని తప్పుదారి పట్టిస్తుంది. 80 నంబర్ బిట్ అంటే 0.34 మి.మీ. 0.25 తీగకి అది వదులు, కమ్మీ ఊగుతుంది, ఊగిన చోట జిగురు ఎక్కువ పోస్తాం. మిల్లీమీటర్ సెట్‌లో 0.3 బిట్ తెచ్చుకోండి. చేత్తో తిప్పే పిన్ వైస్‌కి హెచ్‌ఎస్‌ఎస్ (హై స్పీడ్ స్టీల్) బిట్లే మంచివి. కార్బైడ్ బిట్ పదునైనదే, కానీ చెయ్యి ఇసుమంత పక్కకి ఒరిగితే టక్కున విరుగుతుంది. రంధ్రం వేసే ముందు పదునైన సూది మొనతో చిన్న గుంట పెట్టండి. చోటు గుర్తుకి పలచని ఇత్తడి రేకు మీద రెండు రంధ్రాలతో ఒక టెంప్లేట్ చేసుకుంటే బండికి రెండు పక్కలా పనికొస్తుంది.

కమ్మీకీ గోడకీ మధ్య ఖాళీ కూడా ముఖ్యమే. అసలు బండి మీద రెండు, రెండున్నర అంగుళాలంటే ఇక్కడ 0.6 నుంచి 0.73 మి.మీ. కమ్మీ కింద 0.75 మి.మీ. స్టైరీన్ (కిట్ గోడల ప్లాస్టిక్) పట్టీ ఒకటి అడ్డం పెట్టి, కమ్మీ దానికి ఆనేదాకా నొక్కి, లోపలి నుంచి జిగురు తాకించి, ఆరాక పట్టీ లాగేయండి. అన్ని కమ్మీలూ ఒకే ఎత్తులో నిలుస్తాయి. కిట్ బొమ్మల్లో కమ్మీలు గోడ నుంచి మరీ దూరంగా నిలబడి ఉండటం చాలాసార్లు చూస్తాం. లావు తీగ కంటే కూడా ఆ దూరమే బండిని బొమ్మలా చూపిస్తుంది.

జిగురు గురించి. సూపర్ గ్లూ ఆరేటప్పుడు దాని ఆవిరి గాలిలోని తేమతో కలిసి పక్కనే తెల్లటి పొడిగా దిగుతుంది. మీరు చూసిన బూడిద అదే. జిగురు ఎంత ఎక్కువైతే అది అంత ఎక్కువ, గాలి ఆడకపోతే మరీ ఎక్కువ. సీసా మూతితో ఎప్పుడూ పెట్టకండి. కుట్టు సూది కన్ను పై కొసని కత్తిరిస్తే రెండు పళ్ళ చిన్న ఫోర్క్ అవుతుంది. దాన్ని ఒక పుల్లకి గుచ్చి, ఒక చుక్క జిగురులో ముంచి, కమ్మీ కాలికి లోపలి వైపు తాకిస్తే కావలసినంతే దిగుతుంది. ఇప్పటికే పట్టిన బూడిద మీద మ్యాట్ క్లియర్ (మెరుపు లేని పారదర్శక పూత) పలచగా కొడితే చాలావరకు కనబడదు. దాన్ని గీకబోయి రివెట్లు పోగొట్టుకోకండి.

పాత కమ్మీలు తీసేయాలనుకుంటే అసిటోన్ జోలికి వెళ్ళొద్దు, స్టైరీన్ గోడ కరిగిపోతుంది. బండిని కాసేపు ఫ్రీజర్‌లో పెట్టండి. చల్లదనానికి సూపర్ గ్లూ పెళుసవుతుంది, కమ్మీని మెలిపెట్టి లాగితే పట్టు విడిచి వస్తుంది.

ఇక సిల్ స్టెప్పులు. పోత పోసినవి దాదాపు ఎప్పుడూ మందంగానే ఉంటాయి, అచ్చులో లోహం పారాలి కదా. వాటిని మొత్తంగా 0.15 మి.మీ.కి అరగదీయాలని చూస్తే ముందు విరుగుతాయి. అరగదీయాల్సిన పనీ లేదు. మనకి కనిపించేది ముందు అంచు మాత్రమే. వెనక వైపు రెండు అంచుల్నీ ఏటవాలుగా అరగదీయండి. ముందు అంచు సన్నని గీతలా కనబడుతుంది, వెనక మధ్యలో బలానికి కావలసిన మందం ఉండనే ఉంటుంది. ఈ ఒక్క పనికి పది నిమిషాలు పట్టదు, బండి రూపం మాత్రం మారిపోతుంది. బ్రేక్ ప్లాట్‌ఫారం బ్రాకెట్లు, నిచ్చెన పక్క పట్టీలు, ఏ పోత భాగానికైనా ఇదే ఉపాయం.

చట్టం చెప్పిన వెడల్పు ఒకటిన్నర అంగుళం హెచ్‌ఓలో 0.44 మి.మీ. మీకు ఓపికుంటే 0.2 మందం, 0.5 వెడల్పు ఇత్తడి పట్టీతో స్టెప్పులు స్వయంగా వంచుకోవచ్చు. పైకొసలు లోపలికి మడిచి, పట్టీకి వెనక ఒక తీగ పిన్ను సోల్డర్ చేసి, ఆ పిన్నుని సిల్ అడుగున రంధ్రంలో దించండి. కొస మీద కొస పెట్టి జిగురుతో నిలబెట్టిన స్టెప్పు మొదటిసారి బండిని పట్టాల మీద పెట్టేటప్పుడే రాలిపోతుంది. సూపర్ గ్లూ లాగుడికి బాగా ఆగుతుంది, పక్కనుంచి తగిలే దెబ్బకి ఆగదు. కాబట్టి చెయ్యి తగిలే ఏ లోహపు భాగమైనా రంధ్రంలోకి దిగిన పిన్ను మీద నిలవాలి, జిగురు మీద కాదు.

వైట్‌మెటల్ భాగాలు తగరం, యాంటిమొనీ ప్రధానంగా, కొన్నింటిలో సీసం కూడా కలిపి పోసినవి. మెత్తటి లోహం. అచ్చు గీతని ఆకురాయితో రాస్తే లోహం పళ్ళలో ఇరుక్కుని, ఇరుక్కున్నది తిరిగి భాగం మీదే గీతలు పెడుతుంది. వంపు బ్లేడ్‌తో గీరడం మంచిది. ఆకురాయే వాడాలంటే ముందు దాని పళ్ళకి సుద్ద రుద్దండి. సీసం ఉండొచ్చు కాబట్టి పొడి ఊదకుండా తడి గుడ్డతో తుడవండి, పని అయ్యాక చేతులు సబ్బుతో కడగండి.

ఆ పెట్టెలో పాతకాలపు జింక్ డై-కాస్ట్ భాగాలు ఉంటే, వాటి మీద సన్నని పగుళ్ళు, ఉబ్బు, పొడి రాలడం కనిపిస్తే బాగుచేసే ప్రయత్నం చేయకండి. లోహంలో సీసం లాంటి మలినాలు ఉండటం వల్ల లోపలి నుంచి వచ్చే జబ్బు అది. రంగు వేసినా జిగురు పోసినా ఆగదు, మార్చడమే దారి.

ఎచ్చింగ్ భాగాల దగ్గరికి వద్దాం. వాటిని రేకు చట్రం నుంచి కోసేటప్పుడు కింద మెత్తటి కటింగ్ మ్యాట్ పెట్టకండి. బ్లేడ్ నొక్కిన చోట మ్యాట్ కుంగుతుంది, భాగం కూడా కుంగి వంగుతుంది. గాజు పలకో టైల్ ముక్కో పెట్టి, వంపు బ్లేడ్‌ని భాగానికి ఆనించి దొర్లించినట్టు నొక్కండి. మిగిలిన చిన్న ముక్కుని అరగదీసేటప్పుడు భాగాన్ని అంచు దాకా ప్లయర్‌లో పట్టి, ఆకురాయి అంచు పొడవునా నడవాలి, అడ్డంగా కాదు. అడ్డంగా నడిస్తే అంచు మీద పంటిగాట్లు మిగులుతాయి, రంగు వేశాక అవి ఇంకా బాగా కనబడతాయి.

మడత గీత సాధారణంగా మడత లోపలి వైపుకి వస్తుంది. ఒకే ఒక్కసారి మడవాలి. సరిగ్గా రాలేదని తెరిచి మళ్ళీ మడిస్తే అక్కడే తెగుతుంది. మడిచాక లోపలి మూలలో రవ్వంత సోల్డర్ పారిస్తే ఇక కదలదు. ఇత్తడి రేకు మరీ మొండిగా ఉంటే మంట మీద మసక ఎరుపు దాకా వేడి చేసి చల్లారనిస్తే మెత్తబడుతుంది. అయితే రన్నింగ్ బోర్డుకి మాత్రం ఇది చేయకండి. మెత్తబడ్డ జాలీ రేకు వేలు తగిలితే చాలు సొట్ట పడుతుంది. స్ప్రింగ్ గుణమే దాని బలం కాబట్టి ఫాస్ఫర్ బ్రాంజ్ తీగని కూడా వేడి చేయొద్దు.

బ్రేక్ చక్రం ఎచ్చింగ్‌దైతే బల్లపరుపుగా నాణెంలా ఉంటుంది, అసలు చక్రం గిన్నెలా కొంచెం లోతుగా ఉంటుంది. మెత్తటి రబ్బరు మీద పెట్టి గుండ్రటి మొన ఉన్న పనిముట్టుతో మధ్యలో నొక్కి తిప్పండి. 22 అంగుళాల చక్రం హెచ్‌ఓలో 6.4 మి.మీ. ఆ కొద్దిపాటి లోతే దాన్ని చక్రంలా చూపిస్తుంది.

రన్నింగ్ బోర్డు అలల్లా లేవడానికి కారణం లెక్కలో తేలిపోతుంది. స్టైరీన్ వేడికి డిగ్రీకి మిలియన్‌లో సుమారు 70 వంతులు పెరుగుతుంది, ఇత్తడి సుమారు 19. 40 అడుగుల బండి హెచ్‌ఓలో 140 మి.మీ. వాతావరణం 20 డిగ్రీలు మారితే రెండింటి మధ్య తేడా దాదాపు 0.14 మి.మీ. ఇది చిన్నదిగా అనిపిస్తుంది గానీ, రేకు మందంతో పోలిస్తే చిన్నది కాదు. మీరు వేడిగా ఉన్న రోజున పొడవునా సూపర్ గ్లూతో బిగించారనుకోండి, చలికి ప్లాస్టిక్ కప్పు ఎక్కువ ముడుచుకుంటుంది, ఇత్తడి అంత ముడుచుకోదు, మిగిలిన పొడవు పైకే లేస్తుంది. కాబట్టి మధ్యలో ఒకటి రెండు సాడిల్స్ (బోర్డుని మోసే కప్పు మీది దిమ్మలు) దగ్గర మాత్రమే గట్టిగా పట్టించండి. మిగతా చోట్ల ఆరాక కూడా రబ్బరులా సాగే జిగురు వాడండి. విమానం మోడళ్ళ వాళ్ళు పారదర్శక భాగాలకి వాడే కేనపీ గ్లూ దీనికి బాగా సరిపోతుంది, జాలీ రంధ్రాల్లోంచి పైకి వచ్చినా పారదర్శకంగా ఆరుతుంది. రెండు కొసలూ జారేలా వదిలేయండి, ఎండ్ బ్రాకెట్ మీద ఊరికే ఆని ఉంటే చాలు.

ఇప్పటికే లేచినదాన్ని వేలితో నొక్కి మళ్ళీ జిగురు పెట్టకండి. పూర్తిగా ఊడదీసి, పాత జిగురు గీకి, గాజు మీద పరిచి, పైన చదునైన చెక్కతో రుద్దితే చాలావరకు తిన్నగా వస్తుంది. పదునైన మడత పడితే మాత్రం పోదు, కొత్తది తెచ్చుకోవడమే.

రన్నింగ్ బోర్డు గురించి ఇంకో మాట. మీరు చూపించదలచిన కాలం ఏదో చూసుకోండి. 1966 తర్వాత కొత్తగా కట్టిన బాక్స్‌కార్లకి పైన రన్నింగ్ బోర్డులు ఆపేశారు. 1950ల బండి అయితే లోహపు జాలీ బోర్డు సరిగ్గా నప్పుతుంది, 1930ల బండి అయితే చెక్కదే ఎక్కువ. ఎంతో కష్టపడి అందంగా పెట్టిన ఇత్తడి బోర్డు కాలానికి నప్పకపోతే ఆ కష్టం దండగ.

రంగు దగ్గర మీ కథ మొదలైంది కాబట్టి కొంచెం వివరంగా చెబుతాను. ప్లాస్టిక్ మీద వేసే చాలా రంగుల ద్రావకం ప్లాస్టిక్ పైపొరని కొద్దిగా కొరికి పట్టుకుంటుంది. లోహం మీద అలా కొరకడానికేమీ లేదు. నున్నటి ఇత్తడి, దాని మీద మీ వేళ్ళ జిడ్డు, ఆపైన ఆక్రిలిక్. గోరు తగిలితే పొట్టులా లేస్తుంది. కమ్మీలు, స్టెప్పులు వంచడం అయిపోయాక వాటిని గ్లాస్ ఫైబర్ పెన్సిల్‌తో తేలిగ్గా రుద్దండి. దాని నూలు ముళ్ళు వేళ్ళలో దిగితే రెండు రోజులు ఏడిపిస్తాయి, గ్లవ్స్ వేసుకోండి, నీళ్ళలో ముంచి రుద్దితే ఇంకా మంచిది. తర్వాత పాత్రలు తోమే లిక్విడ్‌తో కడిగి, ఐసోప్రొపైల్ ఆల్కహాల్‌లో ఆడించి, కాసేపు వెనిగర్‌లో ఉంచి, మంచినీళ్ళతో కడిగి ఆరనివ్వండి. ఇక అక్కడి నుంచి ట్వీజర్స్‌తోనే పట్టుకోవాలి.

ఆరాక కాళ్ళని ఫోమ్ ముక్కలో గుచ్చి వరసగా నిలబెట్టి సెల్ఫ్-ఎచ్ ప్రైమర్ పలచగా కొట్టండి. అందులో ఉండే ఆమ్లం లోహాన్ని కొరికి పట్టు ఇస్తుంది. ఈ ప్రైమర్ డబ్బాలోది నేరుగా స్టైరీన్ మీద పడితే ప్లాస్టిక్ పాడయ్యే ప్రమాదం ఉంది. అందుకే బండికి అతికించాక కొట్టడం కుదరదు, ముందే కొట్టాలని మొదట్లో చెప్పింది. ఫోమ్‌లో దిగిన కాళ్ళకి ప్రైమర్ పట్టదు, అదీ మేలే. రంధ్రంలో జిగురు లోహాన్నే పట్టుకుంటుంది.

ప్రైమర్ వద్దు, తీగ సన్నదనం చెడుతుందంటారా? అప్పుడు నల్లబరచడం ఉంది. ఇత్తడిని నల్లగా మార్చే ద్రావణాలు దొరుకుతాయి. వీటిలో చాలావాటిలో సెలీనియం సమ్మేళనం ఉంటుంది, విషం, గ్లవ్స్ లేకుండా ముట్టకండి, గాలి ఆడేచోట వాడండి. జిడ్డు ఏ కాస్త ఉన్నా మచ్చలుగా పడుతుంది. అదే పని ఇంకో రకంగా చేసేది నియోల్యూబ్ లాంటి గ్రాఫైట్ ద్రవం, ఆల్కహాల్‌లో కలిపిన సన్నటి గ్రాఫైట్. బ్రష్‌తో పూస్తే క్షణాల్లో ఆరి బూడిద నలుపు పొర మిగులుతుంది. నా పద్ధతి గోడ మీది కమ్మీలకి ప్రైమర్, అడుగున బ్రేక్ రాడ్లకీ కప్లర్లకీ (బండిని బండికి కలిపే కొక్కేలు) గ్రాఫైట్. నల్లబరిచిన లోహం మీద తర్వాత రంగు లేచినా కింద పసుపు మెరుపు కాకుండా నల్లటి ఇనుమే కనబడుతుంది, అది వాడిన బండి లక్షణమే కాబట్టి ఎవరూ పట్టించుకోరు.

కొంతమంది ఇత్తడి మోడళ్ళని రంగు వేశాక ఓవెన్‌లో సన్నని వేడి మీద కాలుస్తారు, పొర గట్టిపడుతుంది. అది పూర్తి లోహపు బండ్లకే. మీ బండి గోడలు స్టైరీన్, ఆ ఆలోచనే వద్దు. పూర్తి లోహపుదైనా 70 డిగ్రీలకి కరిగే సోల్డర్ ఎక్కడైనా వాడి ఉంటే భాగాలు ఓవెన్‌లోనే రాలిపోతాయి.

సోల్డరింగ్ విషయంలో క్లుప్తంగా రెండు మాటలు. ఇత్తడికి ఇత్తడి 63/37 తగరం-సీసం సోల్డర్ సరిపోతుంది, 183 డిగ్రీలకి కరుగుతుంది. వైట్‌మెటల్‌కి 70 డిగ్రీల సోల్డరే, ఐరన్ వేడి తగ్గించి, లేకపోతే భాగమే ముద్దవుతుంది. ఆమ్లపు ఫ్లక్స్ (సోల్డర్ పట్టేలా ముందు పూసే ద్రవం) వాడితే పని అయిన వెంటనే వంట సోడా నీళ్ళలో ముంచి, గోరువెచ్చటి నీళ్ళతో కడగాలి. మూలల్లో మిగిలిన ఫ్లక్స్ నెలల తర్వాత రంగు కింద పచ్చటి చిలుముగా బయటపడుతుంది. సూపర్ గ్లూ ఉన్న చోటికి వేడి ఐరన్ తీసుకెళ్ళకండి, వచ్చే పొగ కళ్ళనీ ముక్కునీ మండిస్తుంది.

అడుగు భాగంలో లోహం ఎక్కడ వాడాలో ఎక్కడ వద్దో తేల్చుకుంటే పని సగం తగ్గుతుంది. ఏబీ బ్రేక్ వాల్వ్ (గాలి బ్రేకుని నడిపే కవాటం), రిజర్వాయర్ (గాలి ట్యాంకు), సిలిండర్ ఇవి లావు భాగాలు, ప్లాస్టిక్‌వి చక్కగా ఉంటాయి. వైట్‌మెటల్‌వి పెట్టినందువల్ల బరువు తప్ప ఒరిగేదేమీ లేదు. లోహం కావలసింది రాడ్లకీ పైపులకీ. బ్రేక్ రాడ్‌కి 0.25 తీగ. ట్రెయిన్ లైన్ పైపు (బండి పొడవునా గాలి తీసుకెళ్ళేది) మాత్రం లావైనది. ఒకటింపావు అంగుళం పైపు అంటారు గానీ దాని బయటి వ్యాసం 1.66 అంగుళాలు, హెచ్‌ఓలో 0.48 మి.మీ. అక్కడ 0.5 తీగ వాడండి. రాడ్డూ పైపూ ఒకే తీగతో చేసేస్తే అడుగంతా ఒక చిక్కుముడిలా కనబడుతుంది. రెండు మందాలు పెట్టగానే ఏది ఏమిటో కంటికి విడిపోతుంది. వాల్వ్ నుంచి రిజర్వాయర్‌కి రెండు పైపులు, సిలిండర్‌కి ఒకటి, ట్రెయిన్ లైన్ నుంచి వాల్వ్‌కి వచ్చే బ్రాంచి పైపు మీద కటౌట్ కాక్ (గాలి ఆపే కుళాయి), డర్ట్ కలెక్టర్ (గాలిలోని మురికి పట్టేది). ఇంకో సన్నని పైపు వాల్వ్ నుంచి బ్రేక్ చక్రం ఉన్న బీ-ఎండ్‌లోని రిటైనర్‌కి (బ్రేకు గాలిని ఆపి ఉంచే కవాటం) వెళ్తుంది. పక్కనుంచి చూస్తే కనిపించేది సిలిండర్, రిజర్వాయర్ ఆకారాలు, కింద వేలాడే రాడ్లు. మిగతాది మీ తృప్తి కోసం చేస్తారు, తప్పేం లేదు.

గొలుసు పెట్టాలంటే అంగుళానికి 40 లింకులు ఉండేది తీసుకోండి. దానికంటే లావుది ఓడ లంగరు గొలుసులా ఉంటుంది. వేలాడేలా కాస్త వదులు ఉంచి, చివరి లింకుల్లో రవ్వంత జిగురు తాకిస్తే ఆ వంపులోనే నిలిచిపోతుంది.

ఎయిర్ హోస్‌లు మాత్రం లోహంలో వద్దు. కప్లర్ కింద వేలాడుతూ ప్రతి మలుపులో దేనికో తగిలే భాగం అది. మెత్తటి రబ్బరువి పెట్టండి. కట్ లీవర్ (కప్లర్‌ని విడదీసే కడ్డీ) తీగతోనే బాగుంటుంది, ఐబోల్ట్‌లో (కన్నున్న బోల్టు) జిగురు లేకుండా వదులుగా ఊగనివ్వండి.

చివరగా బండిని పట్టాలెక్కించే ముందు ఒక పరీక్ష. ట్రక్కులని (అడుగున తిరిగే చక్రాల చట్రాలు) రెండు వైపులా పూర్తిగా తిప్పి చూడండి, ఏ రాడ్డూ చక్రాన్ని తాకకూడదు. రెండు పట్టాల్లోనూ కరెంటు ఉంటుంది కాబట్టి ఒక వైపు చక్రానికి తగిలిన రాడ్డు రెండో వైపు దేనికైనా తగిలితే షార్ట్. లోహపు ట్రక్కు ఫ్రేములున్న బండ్లలో ఇది మరీ తరచుగా వస్తుంది. మల్టీమీటర్ బజర్ మోడ్‌లో పెట్టి ఎడమ చక్రం, కుడి చక్రం, రాడ్లు, కప్లర్ జంటజంటగా తాకించండి. ట్రక్కు ఒక పక్కకి తిరిగినప్పుడు మాత్రమే మోగితే, దోషం ఆ పక్క రాడ్డుదే. దాన్ని పైకి ఒక అర మిల్లీమీటర్ వంచి, మళ్ళీ తిప్పి చూడండి.